పడుకుని ఒక బీపీ, నిలబడి ఒక బీపీ

అన్నయ్యకు ఎస్‌సీఏ2 (స్పైనోసెరిబెల్లార్ అటాక్సియా 2) అని జన్యు పరీక్షలో తేలింది. చిన్నమెదడు మెల్లగా క్షీణించే ఈ వంశపారంపర్య జబ్బులో నడక తూలుతుందని అందరూ చెబుతారు. రక్తపోటును, మూత్రాన్ని, పేగుల్ని మనకు తెలియకుండా నడిపే స్వయంచోదిత నాడులు కూడా దెబ్బతినవచ్చని చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఆయన పడిపోయిన ప్రతిసారీ నెపం తూలుడు మీదికే పోయేది. కూర్చోబెట్టి బీపీ చూస్తే ఎప్పుడూ బాగానే ఉండేది మరి.

అసలు సంగతి ఇంట్లో ఉన్న డిజిటల్ మిషన్‌తోనే దొరికింది. పొద్దున్నే టిఫిన్‌కి ముందు 5 నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి బీపీ, నాడి రాసుకోవాలి. తర్వాత నిలబెట్టి 1వ నిమిషంలో, 3వ నిమిషంలో మళ్లీ చూడాలి. చెయ్యి గుండె ఎత్తులో ఆన్చి ఉండాలి. వేలాడేస్తే అంకె ఎక్కువ చూపించి బీపీ పడడాన్ని దాచేస్తుంది. వెనకాల ఒక మనిషి ఉండి తీరాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే, నిలబడితే బీపీ పడిపోయే జబ్బు (ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్) ఉన్నట్టు. అన్నయ్యకు పడుకుంటే 142/86, నాడి 70. నిలబడిన 3వ నిమిషంలో 98/62, నాడి 76. ఒంట్లో నీరు తగ్గి బీపీ పడితే గుండె పరుగెత్తుతుంది. ఇక్కడ 44 పడినా నాడి 6 మాత్రమే పెరిగింది. లోపం ఆ స్వయంచోదిత నాడుల్లో ఉందని అనుమానించడానికి అది గట్టి ఆధారం.

ఆ కాగితం పట్టుకుని పర్లాకిమిడి నుంచి బరంపురం వెళ్లాం. నరాల డాక్టరు ముందుగా పాత మందుల చీటీలన్నీ అడిగారు. మూత్రం సరిగా రావడం లేదని వేరేచోట రాసిన టామ్సులోసిన్ బీపీని ఇంకా కిందికి లాగుతోందట. మూత్రం పోశాక ఎంత మిగులుతోందో స్కాన్‌లో చూసి, అప్పుడు ఆపించారు. ఇలాంటివి సొంతంగా ఆపకండి, మూత్రం బిగుసుకుపోయే ప్రమాదం ఉంది.

ఎక్కువ మేలు చేసింది మంచం. తలవైపు కోళ్ల కింద 6 అంగుళాల ఎత్తు పెట్టాం. దిండ్లు వేస్తే నడుం వంగుతుందే తప్ప ఒళ్లు ఏటవాలు కాదు. ఈ జబ్బున్నవాళ్లు చదునుగా పడుకుంటే బీపీ పెరిగి, కిడ్నీలు రాత్రంతా ఉప్పునూ నీటినీ బయటికి తోసేస్తాయి. పొద్దున్నే కళ్లు తిరగడం అందుకే.

లేవడానికి ముందు మంచం మీదే కూర్చుని 500 మి.లీ. నీళ్లు 5 నిమిషాల్లోపు తాగాలి. గుక్కగుక్కగా పొద్దంతా తాగితే ఆ ఫలితం రాదు. నీళ్లు పొలమారే వాళ్లు మాత్రం దీని జోలికి పోకూడదు. వేసవిలో పఖాళ (నీళ్లు పోసిన చద్దన్నం) గిన్నెడు తిని లేస్తే బీపీ దిగిపోతుంది, కనుక వదిన అదే అన్నాన్ని కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెడుతోంది.

ఇవి చాలక బీపీ పెంచే మాత్ర మిడోడ్రిన్ 2.5 మి.గ్రా. మొదలుపెట్టారు. తల దురద పెడుతుంది, రోమాలు నిక్కబొడుచుకుంటాయి, భయపడక్కర్లేదు. భయపడాల్సింది పడుకున్నప్పుడు పెరిగే బీపీకి. చివరి మాత్రకూ పడకకూ కనీసం 4 గంటల ఎడం ఉండాలి, పగటి కునుకు పడక కుర్చీలోనే తీయాలి.

మలబద్ధకం ఇంకా లొంగలేదు. ముక్కినా, గొంతుకూర్చుని లేచినా బీపీ పడుతుంది కాబట్టి మరుగుదొడ్డి మీద కమోడ్ కుర్చీ వేసి, తలుపు లోపలి గడియ తీసేశాం.