బాల్డర్స్ గేట్ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి, నేను మా అల్లుడికి ఫోన్‌లో చెప్పింది

పోయిన వారం మా అక్క కొడుకు కావలి నుంచి ఫోన్ చేశాడు. "మామా, ఏంది ఈ ఆట, బయటికొచ్చి నాలుగడుగులు వేశానో లేదో తోడేలు కరిచి చంపేసింది, మళ్ళీ లోడ్ చేశా, మళ్ళీ చచ్చిపోయా, నాకు రాదులే ఇది" అన్నాడు. వాడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. 2023 లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 వీడియోలు చూసి చూసి అది ఆడాలని ఆశపడ్డాడు, కానీ దానికి 150 జీబీ ఖాళీ కావాలి, మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి, వాడి లాప్‌టాప్‌లో అయ్యే పని కాదు. అందుకని నేనే చెప్పా, మొదటిది ఆడరా, అది ఎట్టాంటి లాప్‌టాప్‌లో అయినా నడుస్తది అని. చెప్పింది నేను కాబట్టి దగ్గరుండి నడిపించాల్సింది కూడా నేనే గదా. ఆ రోజు నెల్లూరులో ఒకటే వాన, కరెంటు పోతా వస్తా ఉంది, గంటసేపు ఫోన్‌లోనే కూర్చున్నాం. అప్పుడు చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నా, వాడిలాగా మొదలుపెట్టి వదిలేసినోళ్ళు చాలామంది ఉంటారు, నేనూ రెండుసార్లు వదిలేశా.

తెలియనివాళ్ళకి ఒక్క మాట. బాల్డర్స్ గేట్ అంటే మనం ఒక మనిషిని తయారుచేసుకోని కథలో నడిపించే కంప్యూటర్ ఆట, 1998 డిసెంబర్‌లో వచ్చింది, చేసింది కెనడాలో ఎడ్మంటన్ ఊళ్ళో ఉన్న బయోవేర్ కంపెనీ, అప్పుడు 5 సీడీల్లో వచ్చేది. ఇప్పుడు దొరికేది 2012 లో బీమ్‌డాగ్ వాళ్ళు బాగుచేసి వదిలిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్, కొత్తవాళ్ళు కళ్ళు మూసుకోని అదే తీసుకోండి, ఇప్పటి కంప్యూటర్లలో తిప్పలు పెట్టకుండా నడుస్తది, ఫోన్‌లో కూడా ఉంది.

నేను మొదటిసారి హాస్టల్లో ఫ్రెండ్ కంప్యూటర్‌లో చూశా. మాది కందుకూరు దగ్గర పల్లె, అప్పుడు ప్రకాశం జిల్లా, 2022 లో నెల్లూరు జిల్లాలో కలిపారు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆట మొదలవగానే తెర నిండా ఇంగ్లీషు, అది కూడా పాతకాలం ఇంగ్లీషు, మన పద్యాల్లో భాషలాగా ఉంటది కొన్నిచోట్ల. ఒక పేరా చదివేలోపు పక్కనున్నోడు "క్లిక్ కొట్టరా, క్లిక్ కొట్టు" అంటాడు, కొట్టేశా, కొట్టేశా, ఏం జరగతా ఉందో అర్థం కాక అరగంటలో లేచి వచ్చేశా. రెండోసారీ అంతే. మూడోసారి లాక్‌డౌన్‌లో, ఇంట్లో ఒక్కడినే, వెనకాల తొందరపెట్టేవాళ్ళు ఎవరూ లేరు. అప్పుడు తెలిసొచ్చింది నాకు, ఈ ఆట మనకోసం ఆగుతుందని. మాటల పెట్టె మనం నొక్కిందాకా అట్టానే ఉంటది, పది నిమిషాలు చూసినా పోదు. కొట్లాట మధ్యలో కూడా స్పేస్ బార్ నొక్కితే అందరూ ఎక్కడివాళ్ళు అక్కడ నిలబడిపోతారు, బాణం గాల్లోనే ఆగిపోతది, అప్పుడు తీరిగ్గా చూసుకోని, వీడు అటు పోవాలి, ఆమె వాణ్ణి కొట్టాలి అని ఒక్కొక్కళ్ళకీ పని చెప్పి మళ్ళీ స్పేస్ బార్ నొక్కాలి. చేతి వేగం అక్కర్లేదు, నిదానంగా చదివేవాళ్ళకి ఇంతకన్నా మంచి ఆట నేను చూడలేదు. రాని మాటలు నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి, ఆ పుస్తకం ఇంకా ఉంది నా దగ్గర. ఆప్షన్స్‌లో ఆటో పాజ్ అని ఒకటుంది, శత్రువు కనపడగానే దానంతట అదే ఆగేటట్టు పెట్టుకోవచ్చు, ఆట మొదలుపెట్టక ముందే అది పెట్టేసుకోండి.

ఇంక మా వాడి సంగతి. "ఏ క్యారెక్టర్ తీసుకున్నావు అబ్బయా" అంటే మంత్రగాడు అన్నాడు. అక్కడే అర్థమైంది నాకు. ఈ ఆటలో మొదటి లెవెల్ మంత్రగాడికి ప్రాణం 4 పాయింట్లు, ఒంట్లో సత్తువ అంటే కాన్‌స్టిట్యూషన్ బాగా పెట్టుకున్నా 6 దాటదు, అదే కత్తి పట్టే ఫైటర్ అయితే 10, సత్తువ 18 ఉంటే 14. తోడేలు ఒకట్రెండు కాట్లు వేస్తే మంత్రగాడి పని అయిపోయినట్టే. పైగా మనం తయారుచేసుకున్న మనిషి చచ్చిపోతే పక్కన ఎంతమంది బతికున్నా సరే ఆట అక్కడితో అయిపోతది. అందుకే మొదటిసారి ఆడేవాళ్ళు ఫైటర్‌నే తీసుకోవాలని నేను గట్టిగా చెప్తా, అందులోనూ విల్లు నేర్చినోణ్ణి. విల్లుతో ఒక రౌండులో రెండు బాణాలు వేయొచ్చు, శత్రువు దగ్గరికొచ్చేలోపే సగం పని అయిపోతది. చురుకుదనం అంటే డెక్స్టెరిటీ 18 వచ్చిందాకా, మనిషిని తయారుచేసేచోట అంకెలు మళ్ళీ వేసే రీరోల్ నొక్కుతా ఉండండి, ఎన్నిసార్లు నొక్కినా తప్పులేదు.

తర్వాత అందరూ తల పట్టుకునేది థాకో దగ్గర, అంటే మన దెబ్బ ఎదుటోడికి తగులుతుందా లేదా అని లెక్కేసే నంబరు. ఈ ఆట నడిచేది డన్జియన్స్ అండ్ డ్రాగన్స్ అనే టేబుల్ మీద పాచికలతో ఆడే ఆట రూల్స్ మీద, 1974 లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అని ఇద్దరు మొదలుపెట్టారు దాన్ని, అందులో రెండో ఎడిషన్ రూల్స్ ఇక్కడ వాడారు. ఆ రూల్స్‌లో కవచం నంబరు ఎంత తక్కువైతే అంత మంచిది, 10 అంటే ఒంటిమీద ఏమీ లేనట్టు, 5 అంటే ఇనప గొలుసుల చొక్కా వేసుకున్నట్టు. 2000 లో మూడో ఎడిషన్ వచ్చినప్పుడు దీన్ని తిరగేశారు, ఎక్కువుంటే మంచిది అని, అందుకే కొత్త ఆటలు ఆడినోళ్ళకి ఇది తికమకగా ఉంటది. లెక్క మటుకు చిన్నదే. నీ థాకో 20, ఎదుటోడి కవచం 5 అనుకో, 20 లో 5 తీసేస్తే 15, ఆట లోపల ఇరవై ముఖాల పాచిక వేస్తది, 15 గానీ పైన గానీ పడితే దెబ్బ తగిలినట్టు. అంటే ఇరవైలో ఆరు అవకాశాలే. మొదట్లో కత్తి ఊపిన ప్రతిసారీ తగలకపోవడం అందుకే, నువ్వు తప్పు చేస్తా ఉండి కాదు. ఇంతకు మించి లెక్క ఇప్పుడు తెలియక్కర్లేదు.

మంత్రాల గురించి వాడు ఇంకోటి అడిగాడు, ఒకసారి వాడితే మంత్రం మాయమైపోతా ఉంది, ఇది బగ్గా అని. కాదు. మంత్రగాడు రాత్రి పడుకునే ముందు ఏ మంత్రం కావాలో పుస్తకంలో ఎంచుకోని పడుకోవాలి, తెల్లారి లేచాక అది మనసులో ఉంటది, ఒకసారి చదివాక పోతది. అమ్మ రాత్రి దోసె పిండి రుబ్బి పెడితేనే పొద్దున దోసెలు, ఉన్న పిండి అయిపోతే మళ్ళీ నానబోసి రుబ్బి రాత్రంతా ఆగాల్సిందే గదా, అచ్చం అట్టానే. మొదటి లెవెల్‌లో పిండి ఒకటీ అరా దోసెకే సరిపోతది, కాబట్టి ఆ ఒక్కటీ స్లీప్ మంత్రం పెట్టుకోండి. చిన్న శత్రువుల గుంపు గుంపే నిద్రపోతది, అప్పుడు నిదానంగా పని కానివ్వచ్చు.

కథ మొదలయ్యేది క్యాండిల్‌కీప్ అని కోటలాంటి ఒక గ్రంథాలయంలో. చాలామంది అక్కణ్ణించి గబగబా బయటపడిపోతారు. పడొద్దు. ఆవుకి జబ్బు చేస్తే మందు తెచ్చివ్వడం, గోడౌన్‌లో ఎలకలు చంపడం, పోయిన పుస్తకం ఎతికివ్వడం, ఇట్టాంటి చిన్న పనులే ఉంటాయి అక్కడ, కానీ వాటితో కొంచెం డబ్బు, కొంచెం అనుభవం వస్తది, వాటికన్నా ముఖ్యంగా అడగడం, వినడం, నడవడం అలవాటవుతది. ఇళ్ళల్లోకి పోయేటప్పుడు జాగ్రత్త, ఇద్దరు మనల్ని చంపడానికి కాచుకోనుంటారు, ఎందుకు అనేది నేను చెప్పను. ఉన్న డబ్బుల్తో సత్రంలో విన్‌త్రాప్ దగ్గర కవచం, విల్లు, బాణాలు కొనుక్కోండి, ఒక కత్తి ఎక్కువే పెట్టుకోండి, ఎందుకంటే ఆ దేశంలో ఇనుము పాడైపోతా ఉంది, మామూలు కత్తులు కొట్లాట మధ్యలో విరిగిపోతాయి. కథలో ఉన్న కరువు చేతిలో ఉన్న కత్తి దాకా రావడం నాకు భలే నచ్చింది, ఊళ్ళో ఎవరితో మాట్లాడినా అదే దిగులు.

అంతా చెప్పాక వాణ్ణి అడిగా, "అసలు నువ్వు తోడేళ్ళ దగ్గరికి ఎందుకు పోయావురా, గోరియన్ ఏం చెప్పాడు?"

"గోరియన్ ఎవరు?"

"నిన్ను పెంచినాయన, కోటలోంచి రాత్రిపూట బయటికి తీసకొచ్చినాయన."

"ఆయనా, ఏదో చాలా చెప్పాడు మామా, క్లిక్ కొట్టేశా."

నాకు గుండె కలుక్కుమంది, హాస్టల్లో నేను చేసింది అదే. ఆయన చెప్పింది ఒక్కటే, మనం విడిపోతే ఫ్రెండ్లీ ఆర్మ్ సత్రానికి పో, అక్కడ ఖాలిద్, జహీరా ఉంటారు, నా పాత స్నేహితులు, నమ్మొచ్చు అని. తూర్పుగా పోయి దారులు కలిసేచోట ఉత్తరానికి తిరిగితే ఆ సత్రం వచ్చేస్తది. మా వాడు దక్షిణం అడవుల్లో తిరగతా ఉన్నాడు.

దార్లో ఇమోయెన్ వచ్చి కలుస్తది, చిన్నప్పటి నుంచి కలిసి పెరిగిన పిల్ల, వద్దనకండి, ఆమె దగ్గర మంత్రపు బాణాలు వదిలే మ్యాజిక్ మిస్సైల్ దండం ఒకటుంది, మొదట్లో అదే పెద్ద అండ. మనతో కలిపి మొత్తం ఆరుగురి దాకా ఉండొచ్చు. కొట్లాట మొదలైతే సేవ్ అవదు, కాబట్టి కొత్త చోట అడుగు పెట్టగానే కీబోర్డులో క్యూ అక్షరం నొక్కి సేవ్ చేసే అలవాటు చేసుకోండి. స్టోరీ మోడ్ అని ఒకటి ఉంది, అందులో చావే ఉండదు, కథ కోసమే ఆడేవాళ్ళు అది పెట్టుకున్నా నాకేం అభ్యంతరం లేదు, నేనైతే నార్మల్‌లోనే ఆడమంటా, తోడేలుకి భయపడిన మనిషి నాలుగు లెవెల్స్ తర్వాత అదే అడవిలో ధైర్యంగా నడిచే సంతోషం అందులోనే ఉంది.

మొన్న రాత్రి పదకొండింటికి మళ్ళీ ఫోన్. ఫైటర్‌తో మొదటి నుంచి మొదలుపెట్టాడంట, ఆవుకి మందు కూడా ఇచ్చాడంట, సత్రం దాకా చేరాడు. "మెట్ల మీద ఒకాయన నిలబడి నువ్వెవరు అని అడగతా ఉన్నాడు మామా, చూపు బాగలేదు, ఏం చెప్పమంటావు?"

"అన్నం తిన్నావా ముందు?" అన్నా.

"తినలా. ఆట ఆగే ఉందిలే, తొందరేం లేదు. నువ్వు చెప్పు."

ఆయన ఏమన్నాడో మొత్తం చదివి వినిపించమన్నా. చదివాడు, మెల్లగా, తెలియని మాట దగ్గర ఆగి అడగతా.