గుంట స్పీకర్‌లో కాదు, బల్ల మీద ఉంది

బల్ల మీదికి స్పీకర్లు నేనే కట్టుకున్నాను: మూడంగుళాల ఫుల్‌రేంజ్ డ్రైవర్లు (బేస్ నుంచి కీచు దాకా అన్నీ ఒక్కటే పలికే స్పీకర్ కోన్లు) రెండు, ఎమ్‌డీఎఫ్ (చెక్కపీచు అదిమి చేసిన) పలకలతో మూసిన పెట్టెలు రెండు. కోత, అతుకు, రంగు రెండు వారాంతాల్లో అయిపోయాయి. తీరా పాట పెడితే గొంతులు బోలుగా, ఎక్కడో గొట్టంలోంచి వస్తున్నట్టున్నాయి. ‘స’, ‘ష’ చెవిలో గుచ్చుకుంటున్నాయి. బేస్ ఉందా లేదా అన్నది అనుమానమే.

కొన్నాళ్లు చెవిని నమ్ముకుని ఈక్వలైజర్ (ఒక్కో స్థాయి ధ్వనిని విడిగా పెంచి, తగ్గించే సాధనం) మీటలు కదిపాను. ఒక పాటకి కుదిరింది ఇంకో పాటకి చెడేది. ఫోన్ యాప్‌తో కొలిస్తే తప్పు స్పీకర్‌దో ఫోన్ మైకుదో తేలలేదు. చివరికి కాలిబ్రేషన్ ఫైలుతో (మైకు సొంత తప్పుల్ని సరిచేసే లెక్కతో) వచ్చే యూఎస్‌బీ మైకు తెచ్చుకుని, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ధ్వని కొలిచే ఉచిత ప్రోగ్రాం ఎక్కించాను. మైకుని నా చెవి ఉండే చోట నిలబెట్టి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా స్వీప్ (కింది స్థాయి నుంచి పైకి ఎక్కుతూ పోయే ఒకే మోత) వదిలాను. ఆ ఊళకి ఇంట్లోవాళ్లు రెండు రోజుల్లో అలవాటుపడ్డారు.

మొదట దొరికింది నా తప్పే. ఒక్కో స్పీకర్‌ని విడిగా కొలిస్తే గ్రాఫులు కవల పిల్లల్లా ఉన్నాయి. రెండూ కలిపి మోగిస్తే మాత్రం 300 హెర్ట్జ్ కింద అంతా కూలిపోయింది. ఇంపల్స్ గ్రాఫ్‌లో (ఒక్క చిటుకు శబ్దానికి స్పీకర్ ఎలా కదులుతుందో చూపే గ్రాఫ్) ఎడమదాని మొదటి ముల్లు పైకి, కుడిదానిది కిందికి. ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారుగా టంకం పెట్టాను! తీగలు మార్చగానే బేస్ వచ్చింది.

అసలు చిక్కు 1,050 హెర్ట్జ్ దగ్గర 12 డెసిబెల్ లోతున్న గుంట, అంటే గ్రాఫ్‌లో ధ్వని ఒక్కసారిగా పడిపోయిన చోటు. సహజంగానే ఈక్వలైజర్‌తో పూడ్చబోయాను. 6 డెసిబెల్ పెంచితే గుంట సగమే పూడింది, మైకు కాస్త జరిపితే మాత్రం అక్కడ చెవులు గింగిర్లెత్తాయి. మైకుని 10 సెంటీమీటర్లు పైకెత్తి మళ్లీ కొలిస్తే గుంట 900కి జారింది. లోపం డ్రైవర్‌దైతే అది అంత దూరం జరగదు కదా!

టేపు తీశాను. డ్రైవర్ బల్లకి 15 సెంటీమీటర్ల ఎత్తున, చెవి 40 ఎత్తున, మధ్య దూరం 60. నేరుగా వచ్చే ధ్వని 65 సెంటీమీటర్లు నడిస్తే, బల్లకి తగిలి వచ్చేది 81 నడుస్తోంది. ఆ 16 సెంటీమీటర్ల తేడా దాదాపు 1,050 హెర్ట్జ్ తరంగంలో సగం. రెండూ ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి. నేను ధ్వని పెంచితే బల్ల నుంచి వచ్చేదీ అంతే పెరుగుతుంది, ఒకదాన్నొకటి చంపుకోవడం మాత్రం ఆగదు; ఒక్క చోట గుంట కాస్త పూడినా, పక్కకి జరిగితే ఆ పెంపే గుచ్చుకుంటుంది.

స్పీకర్లని చెవి ఎత్తుకి లేపాను, కింద రెండు చెక్క దిమ్మలు పెట్టి. ఇప్పుడు బల్ల దారి ఒక మీటరు, నేరు దారి 60 సెంటీమీటర్లే. ప్రతిధ్వని బలహీనపడింది, గుంట 430 దగ్గరికి దిగి, లోతు 5 డెసిబెల్‌కి తగ్గింది. గొంతుల్లో ఆ బోలుతనం పోయింది.

ఇక పెట్టె గుణం తెలియాలంటే బల్లని, గోడల్ని పక్కన పెట్టాలి. ఎత్తైన స్టూలు మీద గది మధ్యలో పెట్టి, ప్రతిధ్వనులు చేరకముందటి 4 మిల్లీసెకన్లే లెక్కలోకి తీసుకున్నాను. అలా చేస్తే 250 హెర్ట్జ్ కింద గ్రాఫ్‌ని నమ్మకూడదు. పైన మాత్రం మెల్లగా ఎక్కే మెట్టు స్పష్టంగా కనిపించింది. ముందు పలక వెడల్పు 14 సెంటీమీటర్లు; 115ని 0.14తో భాగిస్తే సుమారు 820 హెర్ట్జ్. అంతకన్నా కింది ధ్వనులు పెట్టె చుట్టూ వెనక్కి కూడా పోతాయి, పైవి ముందుకే వస్తాయి. గుచ్చుకోవడానికి సగం కారణం ఇదే.

ఆ మెట్టుని దించడానికి 1 మిల్లీహెన్రీ కాయిల్, 4.7 ఓమ్‌ల రెసిస్టర్ ఒకదానికొకటి సమాంతరంగా కట్టి, ఆ జతని 8 ఓమ్‌ల డ్రైవర్‌కి వరుసలో పెట్టాను. పై భాగం 4 డెసిబెల్ దిగింది. సిద్ధాంతం ప్రకారం 6 దించాలి గానీ, వెనక గోడ బేస్‌ని కొంత తిరిగి ఇస్తుంది, అందుకే ఆగాను. 60 హెర్ట్జ్ దగ్గర 6 డెసిబెల్ పెంచాలన్న ఆశ కూడా వదిలేశాను: దానికి నాలుగు రెట్ల వాట్లు కావాలి, పాపం మూడంగుళాల కోను అంత ఊగలేక గరగరలాడింది.

మిగిలింది 7,000 హెర్ట్జ్ దగ్గర గ్రాఫ్‌లో పైకి లేచిన ఒక ముల్లు. ఫిల్టర్ వేయబోతూ, ముందు స్పీకర్లని ఓ 15 డిగ్రీలు బయటికి తిప్పి చూశాను. ముల్లు 3 డెసిబెల్ తగ్గింది. ఫిల్టర్ వేయలేదు.