మిరెల్లా గొంతు

రాత్రి నిద్ర పట్టక, ‘లా బొహేమ్’ అనే ఇటాలియన్ ఒపెరాలో, అంటే పాటలతోనే నడిచే నాటకంలో, గాయని మిరెల్లా ఫ్రెనీ పాడిన మిమీ పాత్ర విన్నాను. ఒక్క మాటా అర్థం కాలేదు, కళ్లు మాత్రం తడిశాయి.

ఆవిడ 1935లో ఇటలీలోని మొదేనాలో పుట్టారు. తల్లి పొగాకు ఫ్యాక్టరీ కార్మికురాలు. అక్కడే పనిచేసిన మరో తల్లి కొడుకు, తర్వాత ప్రఖ్యాత ఒపెరా గాయకుడైన లుచానో పవరొట్టి. పిల్లలిద్దరూ ఒకే దాది పాలు తాగి పెరిగారు!

పదేళ్ల వయసులో పాటతో మెప్పించిన ఆ పిల్లను, గొంతు పాడవుతుంది, కొన్నేళ్లు ఆగమన్నారు మహాగాయకుడు బెనియమీనో జిలీ. ఆగింది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ ఆగడమే. 1955లో సొంత ఊళ్లోనే తొలి పాత్ర, 1963లో మిలాన్‌లోని ఒపెరా హౌస్ లా స్కాలాలో, వాద్యబృందాన్ని కరయాన్ నడిపిస్తుండగా, మిమీ. డెబ్బై ఏళ్ల వయసు దాకా పాడారు.

తెల్లవారుతుండగా మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాను.