.308 కేసుల రీసైజింగ్: నా అనుభవం

టెక్సస్‌లో మా ఇంటి గరాజ్‌లోనే .308 విన్చెస్టర్ అనే రకం రైఫిల్ తూటాలు నింపుకుంటాను. తూటా పేలినప్పుడు దాని ఇత్తడి కేసు, అంటే మందు ఉండే గొట్టం, చాంబర్ (రైఫిల్లో తూటా కూర్చునే గది) గోడల దాకా ఉబ్బుతుంది. మళ్ళీ వాడాలంటే డై అనే అచ్చులో నొక్కి సైజుకి తేవాలి. ఎంత నొక్కాలన్న దగ్గరే అసలు పనంతా ఉంది.

డైతో వచ్చిన కాగితం, షెల్ హోల్డర్‌కి (కేసు అడుగుని పట్టుకునే ముక్క) తగిలేదాకా దించి ఆపైన ఇంకో పావు చుట్టు తిప్పమంటుంది. తూటా ఏ రైఫిల్లోనైనా పట్టాలని అలా రాస్తారు. నా ఒక్క బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి (బోల్ట్‌ని చేత్తో తెరిచి మూసేది) అంత అక్కర్లేదు. షోల్డర్, అంటే కేసు మెడ కింది ఏటవాలు భాగం, మరీ వెనక్కి పోతే పేల్చిన ప్రతిసారీ కేసు సాగి, అడుగుకి కాస్త పైన గోడ పలచబడి, చివరికి అక్కడే తెగుతుంది.

అందుకే ముందు కొలత. ప్రైమర్ (అడుగున ఉండి మందు అంటించే చిన్న బిళ్ళ) తీసేసి, కాలిపర్ అనే కొలత సాధనానికి షోల్డర్ మీద ఆనే కంపారేటర్ తగిలించి చూస్తే అడుగు నుంచి షోల్డర్ దాకా 1.632 అంగుళాలు. అంగుళంలో రెండు వేలవంతులు తగ్గితే చాలు.

మైనం వేలికి అంటీ అంటనట్టు తీసుకుని కేసు ఒంటికి పూస్తాను. షోల్డర్ మీద చేరితే సొట్టలు పడతాయి, బొత్తిగా లేకపోతే కేసు డైలో ఇరుక్కుంటుంది.

డైని కావాలనే పైన ఉంచి నొక్కాను. కొలత 1.634! తగ్గాల్సింది పెరిగింది. షోల్డర్‌ని డై ఇంకా తాకలేదు. నడుము నలిగిన ఇత్తడి ముందుకే జరిగింది. ఈ దశలో బోల్ట్ బిగుతుగా మూసుకుంటుంది, కంగారు పడక్కర్లేదు. ఇక రవ్వంత రవ్వంత దించాలి. డైకి అంగుళానికి 14 మరలు, అంటే ఒక చుట్టుకి 71 వేలవంతులు. గడియారం పెద్దముల్లు ఒక్క నిమిషం జరిగినంత తిప్పినా వేలవంతు పైనే దిగుతుంది.

1.630 రాగానే డై కదలకుండా లాక్ రింగ్ బిగించాను. కేసు పూర్తిగా డైలోకి వెళ్ళాక రెండు మూడు క్షణాలు అలాగే పట్టి ఉంచితే, ఇత్తడి మళ్ళీ సాగడం తగ్గి కొలతలు ఒకేలా వస్తాయి. తర్వాత ఫైరింగ్ పిన్ (ప్రైమర్‌ని కొట్టే ముల్లు) తీసిన బోల్ట్‌తో ఖాళీ కేసు పెట్టి చూశాను, హ్యాండిల్ దాని బరువుకే కిందికి వాలింది. ఆ హాయి చేసినవాళ్ళకే తెలుస్తుంది.

నొక్కితే కేసు పొడవూ పెరుగుతుంది. 2.015 అంగుళాలు దాటితే 2.005కి ట్రిమ్ చేస్తాను. కొన వంచిన సన్నటి తీగతో లోపలి గోడ తడిమి, గోడ పలచబడ్డ గుర్తుగా గాడి తగిలితే ఆ కేసు తుక్కులో వేస్తాను. కొన్నిసార్లు వాడాక అదే సెట్టింగ్‌లో షోల్డర్ కొలత ఎక్కువ చూపిస్తోందంటే ఇత్తడి గట్టిపడినట్టు. అప్పుడు డై జోలికి పోకుండా మెడా షోల్డరూ మంట మీద అనీల్ చేసి, అంటే వేడిచేసి మెత్తబరిచి, మళ్ళీ కొలుస్తాను.