చర్మ గ్రంథుల స్లైడు: మార్కులు జారిపోయే చోట్లు

ఏయూ (ఆంధ్రా విశ్వవిద్యాలయం)లో ఎమ్మెస్సీ జువాలజీ ప్రాక్టికల్స్‌కీ, సీఎస్‌ఐఆర్ నెట్ అర్హత పరీక్షకీ కలిపి చదివేవాళ్లు క్షీరదాల చర్మ గ్రంథులను ఒక టేబుల్‌గా బట్టీ పట్టి వదిలేస్తుంటారు. మైక్రోస్కోపు ముందు కూర్చున్నాక ఆ టేబుల్ అక్కరకు రాదు. నాళం ఎక్కడ తెరుచుకుంటోంది, కణం స్రావాన్ని ఎలా వదులుతోంది, ముందు ఈ రెండూ చూడండి. పేరు తర్వాత దానంతటదే వస్తుంది.

పాత ఇళ్లలో గోడవారగా పరుగెత్తే కంపు చుంచునే తీసుకోండి, సుంకస్ మ్యూరినస్. దాన్ని రోడెంట్ (ఎలుకల క్రమానిది) అని రాస్తే మొదటి మార్కు అక్కడే పోయినట్టు. అది యూలిపోటిఫ్లా క్రమానిది. ముందుకాలికీ వెనకకాలికీ మధ్య, రెండు పక్కలా ఉండే ఫ్లాంక్ గ్రంథిలో పెద్ద పెద్ద సెబేషియస్ (కొవ్వు స్రవించే) లోబ్యూల్స్, అంటే గ్రంథి తమ్మెలు, కనిపిస్తాయి. అంచున చిన్న బల్లపరుపు కణాలు, లోపలికి వెళ్లేకొద్దీ నురగలాంటి కణాలు, నాళం దగ్గర కేంద్రకం కుంచించుకుపోయి చితికిన కణాలు. కణం మొత్తం చచ్చి స్రావమవుతుంది కాబట్టి హోలోక్రైన్. ఆ నురగ ఎందుకని వైవాలో తప్పకుండా అడుగుతారు. ముక్కను మైనంలో పొదిగే పారఫిన్ పద్ధతిలో ఆల్కహాల్, జైలీన్ కొవ్వును కరిగించేస్తాయి, మిగిలేవి ఖాళీలే. కొవ్వు కనబడాలంటే ఫ్రోజెన్ సెక్షన్ (గడ్డకట్టించి కోసిన పలుచని పొర) తీసి ఆయిల్ రెడ్ ఓ అనే రంగు వేయాలి.

చెమట గ్రంథులు రెండు రకాలు. అపోక్రైన్‌కి ల్యూమెన్ (లోపలి ఖాళీ) వెడల్పు, నాళం రోమపుటిక (వెంట్రుక కుదురు)లోకి తెరుచుకుంటుంది. ఎక్రైన్‌ది సన్నటి ల్యూమెన్, నాళం నేరుగా చర్మం పైకే. ఎలుకల్లో ఎక్రైన్ పాదాల మెత్తల్లోనే ఉంటుంది. ఎలుక వీపు చర్మం స్లైడు మీద ఎక్రైన్ అని లేబుల్ పెట్టారంటే మార్కు పోయినట్టే!

ఎక్కువమంది బోల్తా పడేది ఏటవాలుగా తెగిన రోమపుటిక దగ్గర. అచ్చం గ్రంథిలాగే ఉంటుంది. మధ్యలో రోమం గానీ అది ఊడిన రంధ్రం గానీ, చుట్టూ వలయాలు ఉంటే పుటికే. అసలు ఈ తంటా స్లైడు తయారీలోనే మొదలవుతుంది. చర్మం ముక్కను అట్టకు అంటించకుండా 10% ఫార్మలిన్‌లో వేస్తే చుట్టుకుపోతుంది, పుటికలన్నీ అడ్డదిడ్డంగా తెగుతాయి. వెంట్రుకలు కత్తిరించకపోతే 5-6 మైక్రాన్ల సెక్షన్ మీద కత్తి గీతలు పడతాయి. 2014లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) డిసెక్షన్లు ఆపేశాక మనకు దొరికేవి ఎక్కువగా పాత స్లైడ్లే కాబట్టి ఈ లోపాలు గుర్తుపట్టడం రావాలి.

విశాఖ తేమకి బూజు ఇంకో తలనొప్పి. ఆ దారాలను నరాలనుకుని గీసేయకండి. ఐపీస్ తిప్పినప్పుడు తిరిగితే అది లెన్సు బూజు, స్లైడు జరిపినప్పుడు జరిగితే స్లైడుది.

పునుగు పిల్లి స్పాటర్‌కి (గుర్తుపట్టమని పెట్టే నమూనాకి) ఆనల్ శాక్ (మలద్వారం పక్కన ఉండే సంచి) అని రాయకండి. పునుగు వచ్చేది మలద్వారానికీ జననాంగానికీ మధ్య ఉండే పెరినియల్ గ్రంథి నుంచి, ఆనల్ శాక్ వేరే ఉంటుంది. నెట్‌కైతే ఎలుక లాంటి మంగోలియన్ జెర్బిల్ పొట్ట మీది సెబేషియస్ గ్రంథి చూసుకోండి. వృషణాలు తీస్తే చిన్నదవుతుంది, టెస్టోస్టిరాన్ ఇస్తే మళ్లీ పెరుగుతుంది. గ్రాఫ్ ఇచ్చి అడిగినా జవాబు ఇదే.