జెమ్ రేజర్‌లో ఏ బ్లేడు వేయాలి?

మా తాతయ్య తెనాలిలో ఇంటి అరుగు మీద కూర్చుని గడ్డం గీసుకునే ముందు ఒక శబ్దం వచ్చేది. టకటకమని, ఒకే లయలో, ఓ ముప్పై సార్లు. అది వినపడగానే పిల్లలందరం పరిగెత్తుకెళ్లి ఆయన చుట్టూ చేరేవాళ్లం. ఆయన చేతిలో కళ్లజోడు పెట్టె అంత నికెల్ పెట్టె ఉండేది. దానికి రెండు మూతలు, ఒకదాని లోపల సానరాయి, రెండోదాని లోపల తోలు. ఒక మూత తీసి లోపలున్న పిడిని ముందుకీ వెనక్కీ లాగుతుంటే బ్లేడు ఆ చివరా ఈ చివరా పల్టీ కొట్టి తోలు మీద సానపడేది. ఆ పల్టీ శబ్దమే మేం వినేది. తర్వాత బ్లేడు ఊడదీసి పిడికి తగిలించి గడ్డం గీసుకునేవారు. అది ఇంగ్లండ్‌లో చేసిన రోల్స్ రేజర్. బ్లేడుకి ఒకవైపే అంచు. మంగలి కత్తిలోంచి రెండంగుళాల ముక్క కోసి పెట్టినట్టు బలంగా ఉంటుంది. దాన్ని పారేసే పని లేదు, సానపట్టుకుంటూ ఏళ్ల తరబడి వాడుకోవడమే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నాలుగేళ్లుగా నేను గడ్డం గీసుకుంటున్నది ఇలాంటి ఒకే అంచు రేజర్లతోనే, కాకపోతే జెమ్ అనే పాత అమెరికా బ్రాండ్‌వి. నేనుండేది న్యూజెర్సీలో. ఇక్కడికి వచ్చిన కొత్తలో అందరిలాగే ఐదు బ్లేడ్ల కార్ట్రిడ్జ్ వాడేవాణ్ని. మనవాళ్లలో చాలామందిలాగే నాదీ ముతక గడ్డం, మెడ కింద వెంట్రుక నాలుగు దిక్కులకీ తిరిగి ఉంటుంది. కార్ట్రిడ్జ్‌లో ముందు బ్లేడు వెంట్రుకని పైకి లాగుతుంది, వెనక బ్లేడు చర్మం కన్నా కిందికి కోస్తుంది, తర్వాత ఆ వెంట్రుక బయటికి రాలేక లోపలే ముడుచుకుని కురుపవుతుంది. వారానికి నాలుగు కురుపులు, కాలర్ తగిలితే మంట. ఒక ఆదివారం లాంబర్ట్‌విల్‌లో జరిగే పాత సామాన్ల సంతకి వెళ్తే, ఒక ముసలాయన బల్ల మీద తుప్పు పట్టిన తాళాల మధ్య బంగారు రంగులో చిన్న రేజర్ కనిపించింది. పిడి అడుగున గుండీ తిప్పితే తల మూత దానంతటదే లేచింది, వెనక్కి తిప్పితే టక్కున మూసుకుంది. అదే జెమ్ మైక్రోమేటిక్. పద్దెనిమిది డాలర్లు ఇచ్చి తెచ్చుకున్నాను.

ఈ జాతి రేజర్ల కథ న్యూయార్క్‌లో మొదలైంది. కాంఫే అన్నదమ్ములు 1880లో స్టార్ అనే సేఫ్టీ రేజర్‌కి పేటెంట్ తీసుకున్నారు, మనకి తెలిసిన రెండంచుల పల్చటి బ్లేడు రావడానికి ఇరవై ఏళ్ల ముందే. అప్పటి బ్లేడు కూడా మా తాతయ్య బ్లేడు లాంటిదే, లావుగా, సానపట్టుకునేది. తర్వాత జెమ్, ఎవర్‌రెడీ లాంటి పేర్లతో పారేసే బ్లేడ్లు వచ్చాయి, ఆ పేర్లన్నీ అమెరికన్ సేఫ్టీ రేజర్ కంపెనీ గొడుగు కిందికి చేరాయి. అమెరికాలో ఇప్పటికీ సాయంత్రానికి గడ్డం నల్లగా కనపడటాన్ని ‘ఐదు గంటల నీడ’ అంటారు కదా, ఆ మాటకి అంత ప్రచారం వచ్చింది 1930ల్లో జెమ్ బ్లేడ్ల ప్రకటనల వల్లే.

సరే, బ్లేడ్ల సంగతికి వద్దాం. ఎందుకంటే నన్ను అందరూ అడిగేది అదే, నేను తప్పు చేసింది కూడా అక్కడే.

రెండంచుల రేజర్ వాడేవాళ్లకి బ్లేడు ఎంచుకోవడం ఒక పెద్ద పని. టోపాజ్, సెవెన్ ఓ క్లాక్, సూపర్‌మ్యాక్స్, ఫెదర్ అంటూ ఇరవై రకాలు తెప్పించుకుని ఒక్కోటీ వాడి చూస్తారు. జెమ్ విషయంలో ఆ గోల లేదు. చూసుకోవాల్సింది బ్రాండ్ కాదు, బ్లేడు జాతి. జెమ్ బ్లేడుకి ఒకవైపు అంచు, రెండోవైపు మడతపెట్టిన ఉక్కు వెన్ను. ఆ వెన్నుని రేజర్ వెనకనుంచి ముందుకి నెడుతుంది, ముందు రెండు మూలల్లో ఉన్న బుల్లి కొక్కేలు బ్లేడుని ఆపుతాయి. అంటే వెన్ను మందం, ఎత్తు సరిగ్గా ఉంటేనే అంచు ఉండాల్సిన చోట ఉంటుంది. ఇది తెలియక మొదటి వారం నేను రంగుల సామాన్ల కొట్లో వంద బ్లేడ్ల డబ్బా ఒకటి కొన్నాను. చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయి, ఒకవైపు అంచు, ఒకవైపు వెన్ను. కానీ అవి కిటికీ అద్దం మీద పెయింట్ గీకడానికి చేసినవి. వెన్ను లావు, మూత పూర్తిగా పడలేదు, నేను గట్టిగా నొక్కి మూసేశాను. బ్లేడు ఒక పక్కకి వాలింది. గడ్డం కింద ఎడమవైపు అంగుళం పొడవున తెగింది, పటిక పెట్టి పది నిమిషాలు నొక్కి పట్టుకుంటే గానీ రక్తం ఆగలేదు. ఆ మచ్చ ఇప్పటికీ వేలికి తగులుతుంది. అంచు సంగతి కూడా చెప్పాలి. పెయింట్ గీకే బ్లేడ్లు చాలావరకు పూత లేని కార్బన్ స్టీల్, అంచు అద్దాన్ని గీకేంత మొండిగా ఉంటే చాలు వాటికి. చర్మానికి అది సరిపోదు. దయచేసి ఈ పొరపాటు మీరు చేయకండి.

కొనాల్సింది ఇది: జెమ్ రకం, స్టెయిన్‌లెస్ స్టీల్, పీటీఎఫ్ఈ పూత ఉన్నది. పీటీఎఫ్ఈ అంటే మన నాన్‌స్టిక్ పెనం మీద ఉండే పూతే. అంచు మీద ఆ పూత ఉంటే బ్లేడు వెంట్రుకని లాగకుండా జారుతూ కోస్తుంది. పెట్టె మీద ఈ మూడు మాటలూ ఉన్నాయో లేదో చూసి మరీ కొనండి, ఎందుకంటే ఒకే పేరుతో పూత ఉన్నవీ లేనివీ రెండూ దొరుకుతాయి. ఒక విచిత్రం ఏంటంటే, ఈ బ్లేడ్లని ఎక్కువగా కొనేది గడ్డం గీసుకునేవాళ్లు కాదు, మైక్రోస్కోప్ కింద పెట్టే ముక్కలు కోసే ల్యాబులు, ఫ్యాక్టరీలు. అందుకే నేను కూడా ల్యాబ్ సామాన్లు అమ్మే చోట నుంచే తెప్పించుకుంటాను, వాళ్లు పూత ఉందో లేదో స్పష్టంగా రాస్తారు.

కొత్త బ్లేడు మొదటి రోజు కాస్త కరుకుగా ఉండొచ్చు. కొంతమంది ముందు సీసా కార్కుని ఒకసారి కోసి ఆ కరుకు తీసేస్తారు. నేనైతే మొదటి రోజు వెంట్రుకకి ఎదురు గీయను, అంతే. నా గడ్డానికి ఒక బ్లేడు ఆరు సార్లు వస్తుంది, ఏడోసారి పై పెదవి మీద లాగడం మొదలవుతుంది, తీసేస్తాను.

ఇక ఆ బ్లేడు మందం. మామూలు రెండంచుల బ్లేడు 0.1 మిల్లీమీటర్, జెమ్ బ్లేడు దాదాపు 0.23. రెట్టింపు కన్నా ఎక్కువ. ముతక గడ్డం మీద పల్చటి బ్లేడు కొద్దిగా వంగి వణుకుతుంది, ఆ వణుకే మంట. ఇది వంగదు. నా మెడ మీద కురుపులు తగ్గడానికి కారణం ఈ మందమూ, ఒకే బ్లేడు ఉండటమూ అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పట్టుకునే తీరు మాత్రం వేరు. రెండంచుల రేజర్‌ అలవాటుతో పిడిని కిందికి వాల్చి పట్టుకుంటే చర్మం గీరుకుపోతుంది. జెమ్‌కి తల పైమూతని చెంప మీద పూర్తిగా పరిచి పెట్టాలి, పిడి దాదాపు మొహానికి అడ్డంగా బయటికి నిలబడుతుంది. అక్కణ్నుంచి అంచు తగిలేంత మటుకు పిడిని కొంచెం, కొంచెమే, కిందికి దించాలి. సరైన కోణం దొరికిందని చెవికే తెలుస్తుంది. మూడు రోజుల గడ్డం మీద అది చేసే శబ్దం, ఎండిన కొబ్బరి పీచు మీద గోరు లాగినట్టు, కర్రుకర్రుమని గట్టిగా వస్తుంది. శబ్దం ఆగితే ఆ చోట గడ్డం అయిపోయినట్టే, మళ్లీ గీయక్కర్లేదు. నేను అద్దం కన్నా ఆ శబ్దాన్నే నమ్ముకుంటాను. నొక్కొద్దు, రేజర్ బరువు చాలు. ముందు వెంట్రుక వాలిన దిక్కుగా ఒకసారి, మళ్లీ నురగ పెట్టి అడ్డంగా ఒకసారి, చివర్లో చల్లటి నీళ్లు, పటిక. మెడ మీద ఎదురు గీయడం నేను పూర్తిగా మానేశాను.

పాత రేజర్ కొనేటప్పుడు మెరుపు చూడకండి, ఆ రెండు కొక్కేలు చూడండి. అవి అరిగిపోయినా, ఒకటి విరిగినా బ్లేడు వంకరగా కూర్చుంటుంది, ఆ రేజర్ అద్దాల బీరువాలో పెట్టుకోవడానికే. అలాగే మూత కీలు, స్ప్రింగ్. నా దగ్గర 1912 మోడల్ కూడా ఒకటుంది, దాని మీద వేసిన పేటెంట్ సంవత్సరాన్ని బట్టి అందరూ అలా పిలుస్తారు. దానికి గుండీ లేదు, మూత బొటనవేలితో లేపాలి. మొదటిసారి కొనేవాళ్లకి నేను అదే చెప్తాను. తేలికగా ఉంటుంది, పాడయ్యే భాగాలు తక్కువ, మైక్రోమేటిక్ కన్నా మెత్తగా కోస్తుంది. శుభ్రం చేయడానికి వేడి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, పాత టూత్‌బ్రష్ చాలు. మా అమ్మ వీడియో కాల్‌లో చూసి చింతపండు పెట్టి తోమరా మెరుస్తుంది అంది, కానీ ఇది ఇత్తడి చెంబు కాదు, ఇత్తడి మీద పల్చటి పూత. చింతపండూ బూడిదా పెట్టి రుద్దితే ఆ పూత లేచిపోతుంది.

ఇంకో రెండు జాతులున్నాయి, ముక్తసరిగా చెప్తాను. జేకబ్ షిక్ 1920ల్లో తెచ్చిన ఇంజెక్టర్ రేజర్‌కి బ్లేడు వేరు, సన్నగా పొడుగ్గా ఉంటుంది, చిన్న డబ్బాలోంచి పక్కనుంచి లోపలికి తోస్తాం. బ్లేడ్లు ఇప్పటికీ దొరుకుతాయి, పూత ఉన్నవే తీసుకోండి. హెన్రీ గైస్‌మన్ వాలెట్ ఆటోస్ట్రాప్ ఇంకా చిత్రమైనది. తోలు పట్టీని రేజర్ తలలోంచే దూర్చి ముందుకీ వెనక్కీ లాగితే బ్లేడు ఉన్నచోటే సానపడుతుంది. దానికి జపాన్ ఫెదర్ కంపెనీ ఎఫ్‌హెచ్ఎస్-10 బ్లేడు సరిపోతుంది. ఈ మూడు జాతుల బ్లేడ్లూ ఒకదానిలో ఒకటి పట్టవు, ఆర్డర్ పెట్టే ముందు రేజర్ ఏ జాతో తేల్చుకోండి.

ఇండియా వచ్చేటప్పుడు బ్లేడ్లు చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టుకోండి, చేతి సంచిలో ఉంటే తీసేసుకుంటారు. మన దగ్గర రెండంచులవి ఏ కిరాణా కొట్లో అయినా దొరుకుతాయి గానీ జెమ్‌వి నేను విజయవాడలో తిరిగిన కొట్లలో ఎక్కడా దొరకలేదు. వాడేసిన బ్లేడ్లు చెత్తబుట్టలో మాత్రం వేయకండి, చెత్త ఎత్తే మనిషి చేయి తెగుతుంది. ఇక్కడ అమెరికాలో పాత ఇళ్లలో బాత్‌రూమ్ అద్దం బీరువా వెనక బ్లేడు పట్టేంత సన్నటి చీలిక ఉంటుంది, అందులో వేస్తే గోడ లోపల పడిపోయేవి. నేను ఒక పాత కాఫీ డబ్బా మూతకి అలాంటి చీలికే కోసి పెట్టుకున్నాను.

తాతయ్య రోల్స్ పెట్టె పోయిన వేసవిలో నాన్న నాకిచ్చారు. తోలు ఎండి బీటలు తీసింది, బ్లేడు అంచు మీద మధ్యలో చిన్న పంటిగాటు ఉంది, సానరాయి మీద ఓపిగ్గా తీయాలి, నెల నుంచీ రోజూ కాసేపు ఆ పని మీదే ఉన్నాను. ఇంకా మొహానికి పెట్టలేదు. మొన్న ఆదివారం నాన్నకి ఫోన్ చేసి, ఫోన్ పక్కన పెట్టి ఆ పిడి లాగి వినిపించాను. అటునుంచి చాలాసేపు మాట లేదు. తర్వాత, “ఇరవైకే ఆపేశావేంట్రా, మీ తాతయ్య ముప్పై లాగేవారు” అన్నారు.