కొత్తగా చేయించిన బాత్‌రూమ్ కింద ఫ్లాట్‌కి కారింది, మళ్ళీ ఎలా చేయించుకున్నామంటే

మాది కూకట్‌పల్లి వైపు పాత అపార్ట్‌మెంట్, మూడో ఫ్లోర్. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు ఎక్కువైపోయి ఇండియన్ సీటు మీద కూర్చోలేకపోతున్నారని ఆవిడ గది బాత్‌రూమ్ మొత్తం కొట్టించేసి వెస్టర్న్ కమోడ్, కొత్త పైపులు, కొత్త టైల్స్, కమోడ్ పక్కనా షవర్ దగ్గరా పట్టుకుని లేవడానికి స్టీలు హ్యాండిళ్ళు పెట్టించాం. మెటీరియల్‌తో కలిపి ఒకే కాంట్రాక్టర్‌కి లక్షా ఎనభై వేలకి ఒప్పుకున్నాం. డబ్బులు విడతలుగా, ఆఖరి నలభై వేలు మాత్రం పని పూర్తయ్యాక అని వాట్సాప్‌లో ఆయన పంపిన కొటేషన్‌లోనే ఉంది. ఆ నలభై వేలు మా చేతిలో ఉండబట్టే తర్వాత జరిగిందంతా జరిగింది, అందుకే ముందు చెప్తున్నా.

చూడ్డానికి చాలా బాగుంది. చుట్టాలొస్తే చూపించాం కూడా. కానీ అత్తయ్య స్నానం చేసి వచ్చిన గంటకి వెళ్ళి చూసినా కమోడ్ వెనక మూలలో నీళ్ళు అలాగే ఉంటున్నాయి, గడప దగ్గర కూడా పల్చగా నిలుస్తున్నాయి. వైపర్‌తో లాగితే గానీ పోవట్లేదు. వైపర్ పట్టుకుని లాగాల్సింది ఎవరు, మోకాళ్ళు నొప్పి ఉన్న మనిషి, అదీ తడి నేల మీద. ఆవిడ జారిపడకూడదనే కదా ఇంత ఖర్చు పెట్టాం, నాకు ఎక్కువ బాధ అక్కడే అనిపించింది.

కాంట్రాక్టర్‌కి ఫోన్ చేస్తే "కొత్తలో అలాగే ఉంటది మేడమ్, వాడగా వాడగా సెట్ అయిపోద్ది" అన్నాడు. వాటం అంటే నీళ్ళు పోవడానికి నేలకిచ్చే వాలు, అది వాడితే సెట్ అవదు. నేల వాటం సుమారు మీటరుకి ఒక సెంటీమీటరు అన్నా ట్రాప్ (నేల మీద నీళ్ళు బయటికి పోయే జాలీ మూత) వైపు దిగాలి, అంటే మా ఏడడుగుల బాత్‌రూమ్‌కి ఆ చివర నుంచి ఈ చివరకి రెండు సెంటీమీటర్ల దాకా తేడా ఉండాలి. మా ఆయన రసమట్టం తెచ్చి పెట్టి చూస్తే దాదాపు సమానంగా ఉంది, కమోడ్ వెనకైతే ఎదురు వాటం. కారణం తర్వాత ఇంకో పెద్ద మేస్త్రీ చెప్పారు, నహానీ ట్రాప్ ఒక మూలన ఉన్నప్పుడు అన్ని వైపుల నుంచీ వాటం ఆ మూలకే రావాలి, రెండడుగుల పెద్ద టైల్ వేసి మధ్యలో కోయకుండా ఆ వాటం తేవడం కుదరదు, అడుగు టైల్ అయితే ఒక్కోటీ కొంచెం కొంచెం వంచుకుంటూ రావచ్చట. మాకు వేసింది పెద్ద టైల్. జాయింట్లు తక్కువ, నీట్‌గా ఉంటుంది అని ఆయనే ఒప్పించాడు.

ఇక్కడ నుంచి మేం పద్ధతిగా వెళ్ళాం. నేను ఒక తాళంచెవి పట్టుకుని గోడ టైల్స్ అన్నీ ఒక్కోటీ నాలుగు మూలలా కొట్టుకుంటూ వచ్చా. గట్టిగా అతికిన చోట చప్పుడు బిగుతుగా వస్తుంది, లోపల ఖాళీ ఉంటే డొల్లగా మోగుతుంది, ఒకసారి వింటే తేడా ఎవరికైనా తెలిసిపోతుంది. డొల్ల వచ్చిన చోటల్లా మాస్కింగ్ టేప్ ముక్క అతికించి ఫొటో తీశా. పైన గీజర్ దగ్గర ఒకటి రెండు ఉన్నాయి, వాటి గురించి పెద్దగా పట్టించుకోలేదు, కానీ షవర్ పక్కన హ్యాండిల్ బిగించిన టైల్స్ రెండూ డొల్లే. మనిషి బరువంతా వేసి పట్టుకునే చోటది! విట్రిఫైడ్ టైల్ నీళ్ళు పీల్చుకోదు, అర శాతం కూడా ఉండదు, అందుకని ఉత్త సిమెంటు దాన్ని సరిగ్గా పట్టదు, టైల్ అడ్హెసివ్, అంటే టైల్స్ కోసమే చేసిన జిగురు, కావాలి. బస్తా మీద ఐఎస్ 15477 అని ఉంటుంది చూడండి, అది. కొటేషన్‌లో అడ్హెసివ్ అనే ఉంది, వేసింది మాత్రం టైల్ మధ్యలో ఒక సిమెంటు ముద్ద పెట్టి నొక్కేయడం. మూలలన్నీ ఖాళీ.

ఇదంతా రాసుకుంటుండగానే కింద ఫ్లాట్ ఆంటీ పైకొచ్చారు. వాళ్ళ బాత్‌రూమ్ సీలింగ్‌లో చెమ్మ, పుట్టీ ఉబ్బి పెచ్చులూడుతోంది. ఆవిడ కోపంగా రాలేదు, "ఒకసారి వచ్చి చూడమ్మా" అన్నారంతే, నాకే తల కొట్టేసినట్టయింది.

కాంట్రాక్టర్ వచ్చి చూసి అది పాత పైపు లీకేజీ, నాకు సంబంధం లేదు అన్నాడు. సరే, ఎవరి మాట నిజమో నీళ్ళనే అడుగుదాం అనుకున్నాం. ఎవరికైనా పనికొస్తుందని ఇది కాస్త వివరంగా చెప్తా. ముందు ఆ బాత్‌రూమ్ వాల్వ్ తెరిచే ఉంచి వాడకం పూర్తిగా ఆపేశాం, పైపులో ప్రెజర్ ఉంటుంది కాబట్టి పైపు కారితే కింద చెమ్మ పెరుగుతూనే ఉండాలి, పెరగలేదు, పైగా అంచులు ఆరడం మొదలైంది. తర్వాత నేల మీద పడకుండా బకెట్లతో నేరుగా ట్రాప్‌లోకి నీళ్ళు పోశాం, అప్పుడూ ఏం లేదు, అంటే డ్రైన్ పైపు బాగానే ఉంది. ఆఖరికి ట్రాప్ మూతిలో పాలిథిన్ చుట్టిన గుడ్డ బిగించి నేలంతా ఒక అంగుళం నీళ్ళు నిలబెట్టి రాత్రంతా వదిలేశాం. తెల్లారి ఆంటీ ఫోన్ చేశారు, చుక్కలు పడుతున్నాయని. అంటే టైల్స్ కింద వేసిన వాటర్‌ప్రూఫింగ్ పోయిందన్నమాట, పైపు కాదు. ప్రతిదానికీ తేదీ పడేలా వీడియో తీసి ఆయనకే పంపించా.

అప్పుడు మాట మార్చాడు. టైల్స్ జాయింట్లు గీకి ఎపాక్సీ (నీళ్ళు దిగని గట్టి ఫిల్లింగ్) పెట్టిస్తా, అంచుల్లో సిలికాన్ కొడతా, అయిపోద్ది అన్నాడు. ఎపాక్సీ మంచిదే, నేను కాదనను, కానీ అది పైనుంచి దిగే నీటిని ఆపుతుంది గానీ అడుగున వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్‌కి పడిన చిల్లును పూడ్చదు, వాటం అసలే మార్చదు. నేల కొట్టి మళ్ళీ వేయాల్సిందే అని మేం, కుదరదు నలభై వేలు ఇచ్చేయండి అని ఆయన, కొన్నాళ్ళు ఇలాగే నడిచింది. మా ఆయన అయితే పోనీ ఇచ్చేసి వదిలేద్దాం అనే దాకా వచ్చారు.

అపార్ట్‌మెంట్‌లో ఒకాయన రెరాకి (బిల్డర్ల మీద ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ) వెళ్ళమన్నారు, అయిదేళ్ళ గ్యారంటీ ఉంటుంది కదా అని. అది ఫ్లాట్ కట్టి అప్పజెప్పిన బిల్డర్‌కి సంబంధించిన విషయం, మనం విడిగా పెట్టుకున్న కాంట్రాక్టర్ మీద పనికిరాదు. మనకి దారి 2019 వినియోగదారుల రక్షణ చట్టం, డబ్బు తీసుకుని చేసిన పనిలో లోపం అంటే జిల్లా కమిషన్‌కి వెళ్ళొచ్చు, మనం ఇచ్చింది అయిదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు, రెండేళ్ళ లోపు వెయ్యాలి. ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి అడిగా. తర్వాత ఒక లెటర్ తెలుగులోనే రాశా, తిట్లు లేకుండా, కొటేషన్‌లో ఏముంది, జరిగింది ఏంటి, ఏ తేదీన ఏ టెస్ట్ చేస్తే ఏం తేలింది, మేం ఏం అడుగుతున్నాం, పదిహేను రోజుల్లో మొదలుపెట్టకపోతే వేరేవాళ్ళతో చేయించి ఆ ఖర్చు కోసం కమిషన్‌కి వెళ్తాం అని. ఫొటోలు జతచేసి రిజిస్టర్డ్ పోస్ట్‌లో పంపించా, వాట్సాప్‌లో కూడా పెట్టా.

గడువు లోపే వచ్చాడు. ఈసారి వెంట ఒక పెద్ద టైల్స్ మేస్త్రీని తీసుకొచ్చాడు, ఆయన మాట తక్కువ పని ఎక్కువ మనిషి. నేల కొట్టగానే కమోడ్ అవుట్‌లెట్ దగ్గర కోటింగ్ మీద ఉలి దెబ్బలు కనిపించాయి. కోటింగ్ అయ్యాక పైపు కాస్త జరపడానికి ప్లంబర్ చెక్కాడు, చెక్కిన చోట మళ్ళీ కోటింగ్ వేయకుండానే టైల్స్ పరిచేశారు. మేస్త్రీ గారు ఆ చిల్లు చూపించి "ప్లంబర్ చేతులు కడుక్కుని వెళ్ళాక గానీ కోటింగ్ వెయ్యకూడదమ్మా" అన్నారు. కాంట్రాక్టర్ పక్కనే నిలబడి విన్నాడు, ఏం మాట్లాడలేదు.

మళ్ళీ పని మాత్రం పద్ధతిగా జరిగింది. మూలల్లో జాలీ పట్టీ వేసి వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు, గోడల మీద అడుగు ఎత్తు దాకా, ఆరాక 48 గంటలు నీళ్ళు నిలబెట్టాం, ఆంటీ వాళ్ళ సీలింగ్ పొడిగా ఉందని చూసుకున్నాకే వాటం పోసి అడుగు సైజు యాంటీ స్కిడ్ టైల్స్ వేయించాం. నేల టైల్స్ ఖర్చు మేం పెట్టుకున్నాం, మిగతా మెటీరియల్, కూలీ ఆయనది. హ్యాండిల్ దగ్గర టైల్స్ మార్చడానికి మిగిలిన బాక్స్ అటక మీద ఉండటం అదృష్టం, ఎందుకంటే అదే డిజైన్ అయినా బ్యాచ్ మారితే రంగులో తేడా వచ్చేస్తుంది. దయచేసి మిగిలిన టైల్స్ షాపుకి వాపసు ఇచ్చేయకండి, ఒక బాక్స్ అయినా ఉంచుకోండి.

కొన్ని వదిలేశాం. సబ్బులు పెట్టుకునే గూడు దగ్గర టైల్ గీతలు కలవలేదు, తలుపు పక్కన ముక్క కాస్త వంకరగా కోశారు, అవి సరిచేయించాలంటే గోడంతా కొట్టాలి, దాంతో ఎవరూ జారిపడరు. వాటికి అయిదు వేలు తగ్గించుకుని మిగతాది, ఆంటీ వాళ్ళ సీలింగ్‌కి పుట్టీ, పెయింట్ కూడా ఆయనే చేయించాక ఇచ్చేశాం. సీలింగ్ మాత్రం పూర్తిగా ఆరేదాకా ఆగి వేయించాం, తడి మీద పెయింట్ వేస్తే మళ్ళీ ఊడిపోతుంది. బిల్లు మీద వాటర్‌ప్రూఫింగ్‌కి గ్యారంటీ రాయించి సంతకం తీసుకున్నా.

ఇప్పుడు అత్తయ్య స్నానం చేసి వచ్చాక వైపర్ ముట్టుకోవట్లేదు. మా రెండో బాత్‌రూమ్ పని సంక్రాంతి తర్వాత మొదలుపెడుతున్నాం, ఆ పెద్ద మేస్త్రీ గారికే నేరుగా ఇస్తున్నాం, వాటం ఎంత ఉండాలో, నీళ్ళ టెస్ట్ ఎప్పుడు చెయ్యాలో, దాని తర్వాతే ఏ విడత డబ్బు ఇస్తామో ముందే కాగితం మీద రాసుకున్నాం.